ఏటా ఇదే చివరి సీజన్!

సమస్య

నాకు తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం, చదవడం రావు. నేను చెబుతుంటే మా ఆవిడ రాస్తోంది. మీ శీర్షిక కూడా ఆవిడే చదివి వినిపిస్తుంటుంది.

నా ఐదో ఏట అమ్మానాన్నలతో గుంటూరు నుంచి అమెరికా వచ్చాను. నాన్న హ్యూస్టన్‌లో కెమికల్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు నాకు 42 ఏళ్ళు. ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగం. పన్నెండేళ్ళ బాబు, ఎనిమిదేళ్ళ పాప. అమ్మానాన్నా మాతోనే ఉంటారు. పైకి చూస్తే ఏ లోటూ లేని సంసారం. సమస్యల్లా అమెరికన్ ఫుట్‌బాల్. నేను క్వార్టర్‌బ్యాక్‌ని, అంటే జట్టులో బంతి విసిరేవాణ్ణి. పాతికేళ్ళకి పైగా అదే ఆట ఆడుతున్నాను.

టెక్సస్‌లో శుక్రవారం రాత్రి అంటే హైస్కూల్ ఫుట్‌బాలే. డాలస్ దగ్గర ఆలెన్ అనే ఊళ్ళో హైస్కూల్ జట్టు కోసం 6 కోట్ల డాలర్లు పోసి 18 వేల మంది పట్టే స్టేడియం కట్టారంటే, ఇక్కడివాళ్ళకి ఈ ఆట పిచ్చి ఎంతో తెలుస్తుంది. అలాంటి చోట మనవాళ్ళ పిల్లాణ్ణి, సన్నగా రివటలా ఉండేవాణ్ణి, ఎవరు రానిస్తారు? నాన్న స్నేహితులు ఆదివారాలు పార్కులో క్రికెట్ ఆడేవారు. నేను బౌండరీ దగ్గర నిలబడి బంతిని నేరుగా వికెట్ల మీదకి విసిరేవాణ్ణి. ఒకరోజు అటుగా నడుచుకుంటూ పోతున్న మా స్కూల్ కోచ్ ఆగి చూశాడు. సోమవారం నన్ను పిలిపించి, కోలగా ఉండే తోలు బంతి చేతిలో పెట్టాడు. అలా మొదలైంది.

నాన్నకి ఈ ఆట గిట్టదు. ‘చదువుకోమని పంపిస్తే కుమ్ములాట నేర్చుకుంటున్నాడు’ అనేవారు. నేను ఆడిన ఒక్క ఆటకీ రాలేదు. అమ్మ వచ్చేది గానీ స్టేడియం లోపలికి అడుగుపెట్టేది కాదు. పార్కింగులో కారు ఆపుకుని, లోకల్ రేడియోలో కామెంటరీ పెట్టుకుని కూర్చునేది. జనం కేకలు ముందు వినపడేవి, కామెంటరీ తరవాత. ఆ మధ్యలో నేను టచ్‌డౌన్ చేసి పాయింట్లు తెచ్చానో, దెబ్బ తిని పడిపోయానో తెలియక ఆంజనేయస్వామికి దణ్ణాలు పెట్టుకునేదట.

కాలేజీలో డివిజన్ త్రీ స్థాయిలో ఆడాను. ఆ స్థాయిలో ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వరు. ఫీజంతా నాన్నే కట్టారు, డిగ్రీ కోసం. కాలేజీల్లో ఆడేవాళ్ళలో నూటికి ఇద్దరు కూడా వృత్తిగా ఆడేవాళ్ళ లీగ్ ఎన్.ఎఫ్.ఎల్.కి వెళ్ళరు. ఆ ఇద్దరిలో నేను లేనని నాకు ముందే తెలుసు. అయినా ఆట వదల్లేదు. ఉద్యోగంలో చేరాక ఒక సెమీ-ప్రో జట్టులో కలిశాను. ప్రో అన్నది పేరుకే. జీతం ఉండదు సరికదా, రెఫరీలకి, ఇన్సూరెన్సుకి, అద్దెకి తీసుకున్న స్కూలు మైదానానికి మేమే ఎదురు డబ్బు కట్టాలి. శనివారం సాయంత్రం ఆట. చూడ్డానికి వందమంది వస్తే అందులో సగం మా ఇళ్ళవాళ్ళే.

ఎందుకింకా ఆడటం అని అందరూ అడుగుతారు. ప్రతిసారీ బంతి అందుకోబోయే ముందు హడిల్ అని గుండ్రంగా చేరతాం. పదిమంది తలలు దగ్గరికి పెట్టి నా నోటి వంకే చూస్తారు. అందులో లారీ డ్రైవరున్నాడు, స్కూలు టీచరున్నాడు, మొన్ననే కాలేజీ వదిలిన కుర్రాళ్ళున్నారు. నేను ఒక్క వాక్యం చెబుతాను. అందరూ ఒక్కసారి చప్పట్లు చరిచి వెళ్ళి ఎవరి చోట వాళ్ళు నిలబడతారు. ఆఫీసులో నా మాట అలా ఎవరూ వినరు. ఇంట్లో అసలే వినరు. (ఈ ముక్క రాయనని మా ఆవిడ పేచీ పెట్టింది. బతిమాలి రాయించాను.)

నలభై రాగానే మానేస్తానని మాటిచ్చాను. మానలేకపోయాను. కిందటి సీజన్ చివర్లో ఎడమవైపు నుంచి మీదకొచ్చినవాణ్ణి చూసుకోలేదు. తల నేలకి కొట్టుకుంది. కొన్నాళ్ళు తిప్పినట్టుంది, తగ్గిపోయింది. మార్చిలో కొత్త సీజన్ మొదలు. ఈ ఒక్కటీ ఆడి ఆపేద్దామని ఉంది. ఎన్.ఎఫ్.ఎల్. క్వార్టర్‌బ్యాక్‌ల్లో టామ్ బ్రేడీ 45 ఏళ్ళ దాకా ఆడాడు. ఫిలిప్ రివర్స్ అయిదేళ్ళు ఇంట్లో కూర్చుని, 2025 డిసెంబరులో 44 ఏళ్ళ వయసులో మళ్ళీ దిగాడు. వాళ్ళకి లేని ముసలితనం నాకు వచ్చిందా?

ఇప్పుడు ఇంకో చిక్కు. ఇక్కడి స్కూళ్ళలో టాకిల్ ఫుట్‌బాల్, అంటే మనిషిని పట్టి పడేసే ఆట, ఏడో తరగతి నుంచి మొదలవుతుంది. మావాడు ఆగస్టులో ఏడుకి వస్తాడు. ఆడతానంటున్నాడు. మా ఆవిడ ససేమిరా వద్దంటోంది. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. నాన్న భోజనం దగ్గర ఒకటే మాట అన్నారు: ‘నీ ఆటే చూడలేదు, వాడి ఆటా చూడను.’ అది విన్నప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. మావాణ్ణి వద్దంటే నేనూ మా నాన్నలాగే అయిపోతాను. ఆడమంటే ఇంట్లో అందరికీ శత్రువునవుతాను. ఏం చేయమంటారు?

- ఒక క్వార్టర్‌బ్యాక్, హ్యూస్టన్

ఇక్కడి నుంచి నా మాటలు. ఆయన చదవలేరు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. ‘కొన్నాళ్ళు’ అని ఆయన చెప్పింది నెలన్నర పైమాటే. దెబ్బ తగిలిన రాత్రి గరాజ్‌లో లైటు తీసేసి కారులో కూర్చున్నారు. వెలుతురు చూడలేకపోయారు. కోచ్ ఫోన్ చేస్తే ఏమీ లేదన్నారు. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. డాన్స్ క్లాసు ఎలా జరిగిందని పాపని అడిగేవారు. అది చెప్పిన కాసేపటికి మళ్ళీ అదే అడిగేవారు. పాప మొదట్లో ఆట పట్టిస్తున్నారనుకుని నవ్వింది. తరవాత నవ్వడం మానేసి నా వంక చూడటం మొదలుపెట్టింది. ఇప్పుడు మతిమరుపు లేదు గానీ నిద్ర సరిగా పట్టదు, ముక్కుమీద కోపం.

అంతకన్నా నన్ను కష్టపెట్టింది ఇంకొకటుంది. పాప మొదటి కూచిపూడి ప్రదర్శన, వీళ్ళ జట్టు ప్లేఆఫ్ (నాకౌట్) ఆట ఒకే రోజు పడ్డాయి. ఆయన ప్లేఆఫ్‌కి వెళ్ళారు. పాప ఏమీ అనలేదు. గజ్జెలు విప్పుతుంటే ‘నాన్న గెలిచారా?’ అని మాత్రం అడిగింది.

ఆ ఆట మీద నాకు పగ లేదండీ. పెళ్ళయిన కొత్తలో ఒంగోలు నుంచి దిగి, ఏం జరుగుతోందో తెలియకపోయినా పక్కవాళ్ళు అరిచినప్పుడల్లా నేనూ అరిచేదాన్ని. ఇప్పుడు నేనో ఆటో తేల్చుకోమని అనాలా?

- ఆయన భార్య

సలహా

ముందు అమ్మాయికి ఒక మాట. మీవారికి ఈ పేజీ చదివి వినిపించేది మీరే కదా. ఈసారి మీరు రాసిన భాగం కూడా దాటేయకుండా చదవండి. గరాజ్ సంగతి, గజ్జెల సంగతి ఆయన వినకపోతే నేను ఎంత చెప్పినా దండగే.

మన పాఠకుల్లో చాలామందికి ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేదే. ఇది వేరు. జట్టుకి పదకొండుమంది. నాలుగు ప్రయత్నాల్లో బంతిని పది గజాలు ముందుకు తీసుకుపోవాలి. బంతి ప్రతిసారీ దాదాపుగా ముందు క్వార్టర్‌బ్యాక్ చేతికే వస్తుంది. ఎవరికి విసరాలో అతను మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఆ లోగా నూట పాతిక కిలోల మనుషులు అతని మీదకి ఉరుకుతుంటారు. కుడిచేత్తో విసిరేవాడికి ఎడమవైపు నుంచి వచ్చేవాడు కనపడడు. ఈయనకి తగిలింది ఆ దెబ్బే.

బాబూ, మీ తల సంగతి ముందు తేలాలి. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది. లోపల మెదడు కుదుపుకి గురికాకుండా ఆపలేదు. వెలుతురు భరించలేకపోవడం, అడిగిందే మళ్ళీ అడగడం, చిరాకు, నిద్రలేమి అన్నీ కంకషన్, అంటే మెదడు కుదుపు తిన్నప్పటి లక్షణాలే. ఎక్కువమందికి కొద్ది వారాల్లో తగ్గుతాయి. మీకు నెలన్నర పట్టింది, నిద్రా కోపం ఇంకా దారిలో పడలేదు. మానకముందే ఇంకో దెబ్బ తగిలితే కోలుకోవడం మరీ కష్టం. టెక్సస్‌లో 2011లో వచ్చిన చట్టం ప్రకారం స్కూలు పిల్లాడికి కంకషన్ అనుమానం వస్తే అదే రోజు మళ్ళీ మైదానంలోకి దింపకూడదు. డాక్టరు పరీక్షించి కాగితం రాసిస్తే తప్ప ఆ తరవాత కూడా ఆడనివ్వకూడదు. మీ అబ్బాయి ఆడితే అతనికి ఈ రక్షణ ఉంటుంది. మీకు మీరు ఆ మాత్రం కూడా ఉంచుకోలేదు.

2017లో బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు చనిపోయిన ఆటగాళ్ళ మెదళ్ళు పరీక్షించారు. ఎన్.ఎఫ్.ఎల్.లో ఆడిన 111 మందిలో 110 మందికి, కాలేజీ దాకా ఆడిన 53 మందిలో 48 మందికి సి.టి.ఇ. అనే మెదడు జబ్బు ఉన్నట్టు తేలింది. ఈ అంకెలు చూసి హడలిపోకండి. అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా మెదళ్ళు దానం చేశాయి కాబట్టి, ఆడిన ప్రతివాడికీ ఈ లెక్క వర్తించదు. బతికుండగా ఈ జబ్బు ఉందో లేదో ఖాయంగా తేల్చే పరీక్ష కూడా లేదు. ఎంత ఎక్కువకాలం ఆడితే ప్రమాదం అంత పెరుగుతుందన్నది మాత్రం గట్టిగా తేలింది. కళ్ళు బైర్లు కమ్మిన దెబ్బలతో పాటు, మీరు దులుపుకుని లేచిన చిన్న దెబ్బలన్నీ ఆ ఖాతాలోకే వెళతాయి. మీ ఖాతా పాతికేళ్ళది.

ఇక బ్రేడీ, రివర్స్. ఇద్దరి కథా మీరు సగమే చెప్పారు. బ్రేడీ 2022 ఫిబ్రవరిలో మానేస్తున్నానన్నాడు, 40 రోజులకి మనసు మార్చుకున్నాడు. ఆ అక్టోబరులో భార్యతో విడాకులయ్యాయి. కారణాలు వాళ్ళిద్దరికే ఎరుక. ఆ సీజన్లో అతని జట్టు గెలిచిన వాటికన్నా ఓడినవే ఎక్కువన్నది మాత్రం లోకానికంతా తెలుసు. రివర్స్ ఆ అయిదేళ్ళూ ఇంట్లో ఊరికే కూర్చోలేదు. పదిమంది పిల్లల తండ్రి. అలబామాలో ఒక హైస్కూలు కోచ్‌గా చేరి సొంత కొడుక్కే ఆట నేర్పాడు. కోల్ట్స్ జట్టులో క్వార్టర్‌బ్యాక్‌లు దెబ్బలు తిని, వాళ్ళు దిక్కుతోచక పిలిస్తే వెళ్ళాడు. మూడు ఆటలు ఆడాడు, మూడూ ఓడిపోయారు. అతని పక్కన జట్టు డాక్టర్లు నిలబడి ఉన్నారు. మీ శనివారం ఆటలకి డాక్టరు వస్తాడా?

మీరు తలవని క్వార్టర్‌బ్యాక్‌ల పేర్లు రెండున్నాయి. డ్రూ బ్రీస్ 20 సీజన్లు ఆడి, 2021 మార్చిలో రిటైరయ్యే కబురు తన నలుగురు పిల్లల చేత వీడియోలో చెప్పించాడు. ఆండ్రూ లక్ 2019 ఆగస్టులో, సీజన్ మొదలవబోతుండగా, 29 ఏళ్ళకే మానేశాడు. అప్పటికి భుజం, పక్కటెముకలు, మూత్రపిండం, తల, అన్నిచోట్లా దెబ్బలే. కబురు పొక్కిన రాత్రి సొంత అభిమానులే స్టేడియంలో అతన్ని గేలి చేశారు. అతను మళ్ళీ చదువుకి వెళ్ళాడు, హైస్కూలు పిల్లలకి ఆట నేర్పాడు, 2024 నవంబరులో తను చదివిన స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకి జనరల్ మేనేజరయ్యాడు. విసరడానికి ఎవరూ ఖాళీగా లేనప్పుడు బంతిని గీత బయటికి విసిరేయమని మీ కోచ్ మీకు నేర్పే ఉంటాడు. లక్ తన జీవితంలో చేసింది అదే. వృత్తిగా ఆడి, కోట్లు వదులుకుని వెళ్ళినవాడికి సాధ్యమైంది, ఎదురు డబ్బు కట్టి ఆడుతున్న మీకు ఎందుకు కాదు?

అసలు ముడి మీ నాన్నగారి దగ్గరుంది. కొడుకుని వద్దంటే ఆయనలా అయిపోతానని మీ భయం. ఆయన వద్దన్నందుకా మీకు ఇన్నేళ్ళ బాధ? వద్దంటూనే కాలేజీ ఫీజు కట్టారు, దాని మీద మీకు ఫిర్యాదు లేదు. మీ ఆట చూడటానికి రాలేదన్నదే మీ బాధ. మరి పాప కూచిపూడికి వెళ్ళనిదెవరు? మీ నాన్నగారు ఆట గిట్టక రాలేదు, మీరు ఆట వదల్లేక వెళ్ళలేదు. స్టేజి మీద నిలబడ్డ పిల్లకి ఈ తేడా తెలియదు. మీరు భయపడుతున్న పని మీ అమ్మాయి విషయంలో ఇప్పటికే చేశారు. ఇప్పుడు దాన్ని సరిదిద్దుకునే వీలు కూడా మీ చేతిలోనే ఉంది.

వద్దనడం వల్ల తండ్రి చెడ్డవాడైపోడు, ఆట ఆగినంత మాత్రాన కొడుకు దూరమూ కాడు. ఆర్చీ మానింగ్ ఒకప్పటి పేరున్న క్వార్టర్‌బ్యాక్. అతని పెద్దకొడుకు కూపర్‌కి వెన్నెముకలో నాళం ఇరుకుగా ఉందని తేలి 18 ఏళ్ళకే ఆట ఆగిపోయింది. తమ్ముళ్ళు పేటన్, ఈలై ఎన్.ఎఫ్.ఎల్. ఫైనల్ అయిన సూపర్‌బౌల్‌ని చెరి రెండుసార్లు గెలిచారు. పేటన్ అన్న నంబరు 18నే ఎన్.ఎఫ్.ఎల్.లో తన జెర్సీ మీద వేసుకున్నాడు. ఆట ఆగినా ఆ ఇంట్లో కూపర్‌కి చోటు తగ్గలేదు.

మీ అబ్బాయిని ఆట మానమనొద్దు. టాకిల్ మాత్రం ఇప్పుడు వద్దనండి. 14 ఏళ్ళు నిండేదాకా ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడనివ్వండి. అందులో మనిషిని పడేయక్కర్లేదు. నడుముకి వేలాడే పట్టీ లాగేస్తే ఆట ఆగుతుంది. ఎదుటివాళ్ళు నిలబడే తీరు చదవడం, సమయానికి విసరడం, హడిల్లో నలుగురికీ చెప్పడం అన్నీ అందులో వస్తాయి. మీరు తలుచుకునే బ్రేడీ టాకిల్ మొదలుపెట్టింది హైస్కూలుకి వచ్చాకే. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఉంది, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ. హైస్కూలుకి వెళ్ళాక కూడా టాకిల్ ఆడతానంటే అప్పుడు ముగ్గురూ డాక్టరుతో కూర్చుని మాట్లాడుకోండి.

ఫ్లాగ్ జట్లకి కోచ్‌లుగా వచ్చేది ఎక్కువగా పిల్లల తల్లిదండ్రులే. మీరు పేరివ్వండి. మీ మాట వినేవాళ్ళు కావాలన్న కోరికని నేను చిన్నబుచ్చను. చాలామంది మగవాళ్ళు ఒప్పుకోని విషయం మీరు ఒప్పుకున్నారు. ఆటతో పాటు ఆ హడిల్ కూడా పోతుందన్న దిగులే మిమ్మల్ని ఏటా మైదానానికి లాగుతోంది. పిల్లల హడిల్లోనూ మీ నోటి వంకే చూస్తారు, లారీ డ్రైవర్ల కన్నా శ్రద్ధగా. మొదటి ఆటకి మీ నాన్నగారిని రమ్మని నోరు తెరిచి అడగండి. అప్పట్లో అడిగారో లేదో మీ ఉత్తరంలో లేదు. ఆయన రాకపోతే పోనీండి. అమ్మగారైనా ఈసారి కారు దిగి లోపలికొచ్చి కూర్చుంటారు.

అమ్మాయీ, ‘నేనో ఆటో’ అనకండి. ఆ మాటకి ఆయన మిమ్మల్నే ఎంచుకుంటారు, ఎంచుకున్నందుకు పదేళ్ళు సణుగుతారు. అత్తగారి కన్నీళ్ళని ముందుకు నెట్టకండి, పిల్లాడి ముందు ఆటని తిట్టకండి. ‘డాక్టరు సరేననేదాకా మైదానంలోకి వద్దు, పాప ప్రదర్శన ఉన్న రోజు ఇంకేదీ వద్దు’ అని రెండే షరతులు పెట్టి వాటి మీద గట్టిగా నిలబడండి. కోపం హద్దు దాటినా, మనసు మరీ కుంగినట్టు కనపడినా అది స్వభావమని సరిపెట్టుకోవద్దు. దెబ్బ వల్ల కావచ్చు, వెంటనే డాక్టరుకి చెప్పండి.

బాబూ, మార్చి సీజన్‌కి డబ్బు కట్టకండి. ఈ వారమే న్యూరాలజిస్టు అపాయింట్‌మెంటు తీసుకోండి. వెళ్ళేటప్పుడు మీ ఆవిణ్ణి వెంటబెట్టుకెళ్ళండి. ఆ నెలన్నర ఏం జరిగిందో డాక్టరుకి చెప్పాల్సింది ఆవిడే.